లోపం ఒకరిది, మందు ఇద్దరికీనా?

(మహిళా ఆరోగ్య కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నేను మాట్లాడబోయే విషయం ప్రకటించగానే మీలో కొందరు నవ్వారు. మగవాళ్ళ సంతానలేమి, అందులోనూ రోగనిరోధక వ్యవస్థ తేడా వల్ల వచ్చేది, దానికి చైనా మూలికా వైద్యం! ఆడవాళ్ళ సమావేశంలో ఈ గొడవంతా ఎందుకని మీకు అనిపించటం సహజమే. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఈ విషయాన్ని మా ఆఫీసు గుమ్మంలోకి తీసుకొచ్చింది ఒక ఆడమనిషే. అందుకని ఆమెతోనే మొదలుపెడతాను.

ఆమె పేరు చెప్పను. పెళ్ళయి ఏడేళ్ళు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, దాన్నిండా చీటీలు. అవన్నీ బల్లమీద పరిచి చూశాం. లెక్కలేనన్ని స్కానింగులు, రెండుసార్లు గర్భసంచి గోకించిన కాగితాలు, ట్యూబుల్లోకి రంగు మందు ఎక్కించి తీసిన ఎక్స్‌రే, బొడ్డు దగ్గర గాటు పెట్టి లోపల చూసిన రిపోర్టు. అన్నింటిలోనూ లోపమేమీ లేదనే రాసి ఉంది. ఆ సంచిలో భర్త పేరున్న కాగితం ఒక్కటే. అది ఆరో ఏట చేయించిన వీర్య పరీక్ష. ఆ తర్వాత చేసిన ఇంకో పరీక్షలో అతని వీర్యకణాలకు వ్యతిరేకంగా అతని శరీరమే యాంటీబాడీలు తయారు చేస్తోందని తేలింది. సింగపూర్‌లో పనిచేస్తున్న మరిది ఈ సంగతి విని, అక్కడి చైనా మందుల దుకాణంలో కొని రెండు సీసాలు పంపాడు. ఒకటి అన్నకు, ఒకటి వదినకు.

ఆ సీసా నా ముందు పెట్టి ఆమె అడిగింది: "అక్కా, లోపం ఆయనకున్నదని రాసిండ్రు గదా. ఈ గోలీలు నేను గూడ మింగాల్నా? మింగకపోతే మా అత్త ఊకుంటలేదు."

ఆ ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తెలుసుకోవటానికి కొంతకాలం పట్టింది. తెలుసుకున్నంత మీతో పంచుకుంటాను.

అసలీ జబ్బు ఏమిటి?

మన శరీరంలో రోగనిరోధక వ్యవస్థ ఊరి కాపలాదారు లాంటిది. ఎవరు ఊరివాళ్ళో, ఎవరు పరాయివాళ్ళో దానికి తెలిసి ఉండాలి. ఈ గుర్తింపు చాలావరకూ పసితనంలోనే జరిగిపోతుంది. వీర్యకణాలు పుట్టేది మాత్రం యుక్తవయస్సు వచ్చాక. కాపలాదారు కళ్ళకి అవి కొత్తవాళ్ళే. అందుకే వృషణాల్లో ప్రకృతి ఒక గోడ కట్టి పెట్టింది. రక్తానికీ, వీర్యకణాలు తయారయ్యే గొట్టాలకూ మధ్య ఉండే ఆ గోడ చెక్కుచెదరనంత కాలం ఇబ్బంది లేదు. దెబ్బ తగిలినా, వృషణం మెలిపడినా, అక్కడ ఆపరేషన్ జరిగినా, ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్ సోకినా ఆ గోడకి గండి పడొచ్చు. అప్పుడు కాపలాదారు వీర్యకణాలను చూసి శత్రువులనుకుని యాంటీబాడీలను వదులుతాడు. అవి వీర్యకణాలకు అతుక్కుని, కొన్నిసార్లు వాటిని ఒకదానికొకటి అంటుకుపోయేలా చేస్తాయి. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగటలోంచి ఈదిపోనీయకుండా ఆపుతాయి. కొందరిలో కారణం ఏదీ కనిపించదు.

ఈమె భర్తకు పద్నాలుగేళ్ళప్పుడు కబడ్డీ ఆడుతూ దెబ్బ తగిలి ఆపరేషన్ అయింది. పెళ్ళయిన ఏడేళ్ళలో ఏ డాక్టరూ అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. అసలు అతన్ని గది లోపలికి పిలిస్తే కదా అడగటానికి!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్ళలో సగానికి పైగా ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి. వాటివల్ల ఆ మనిషి ఆరోగ్యానికి ప్రమాదమేమీ లేదు. మళ్ళీ పిల్లలు కావాలని ఆ గొట్టాలను తిరిగి కలిపించుకున్నప్పుడు మాత్రమే అవి కొందరిలో అడ్డు కావచ్చు. దీన్ని పట్టుకుని "మగవాళ్ళకు ఆపరేషన్ మంచిది కాదట" అని ఊళ్ళో ప్రచారం మొదలైతే నష్టపోయేది మళ్ళీ మనమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో పెళ్ళయిన జంటల్లో ఆడవాళ్ళ కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మీద ఆధారపడినవి 37.9 శాతం, మగవాళ్ళ ఆపరేషన్ మీద ఆధారపడినవి 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళ లెక్క 70 శాతానికి దగ్గరగా ఉంది. పైగా కోతా కుట్టూ లేకుండా వేసెక్టమీ చేసే పద్ధతిని 1974లో కనిపెట్టింది చైనాలోని సిచువాన్ రాష్ట్రానికి చెందిన డాక్టర్ లీ షున్‌చియాంగ్. చైనా నుంచి మనం తెచ్చుకోవాల్సింది గోలీల సీసాలొక్కటే కాదు.

చైనా వైద్యం ఏమంటుంది?

మన ఆయుర్వేదానికి వాత, పిత్త, కఫాలున్నట్టే చైనా వైద్యానికీ తనదైన భాష ఉంది. వాళ్ళు 'షెన్' అనే మూత్రపిండం మనం శరీరశాస్త్రంలో చదివే కిడ్నీ ఒక్కటే కాదు. పుట్టుకకూ, పెరుగుదలకూ, సంతానానికీ మూలమైన 'జింగ్' అనే సారం అందులో నిలవ ఉంటుందని వాళ్ళ నమ్మకం. యాంటీబాడీ అనే మాట ఆ పాత గ్రంథాల్లో లేదు. ఆధునిక పరీక్షలో యాంటీబాడీలు తేలిన మనిషిని చైనా వైద్యులు నాడి చూసి, నాలుక చూసి, మూత్రపిండం బలహీనపడి లోపల వేడి పెరిగిందనో, కింది భాగంలో తేమా వేడీ చేరాయనో, నెత్తురు నిలిచిపోయిందనో తమ భాషలోకి మార్చుకుంటారు. అందుకే ఒకే జబ్బుకి ఇద్దరు రోగులకి రెండు రకాల మందులు రాస్తారు.

వాళ్ళు ఎక్కువగా వాడే వాటిలో 'ఝిబాయ్ దిహువాంగ్' గోలీలు ఒకటి. వీటిలో ఎనిమిది మూలికలుంటాయి. ఆరు మూలికల పాత యోగం 12వ శతాబ్దంలో చియాన్ యీ అనే పిల్లల వైద్యుడిది. దానికి తర్వాతివాళ్ళు చలవ చేసే రెండు చేదు మూలికలు కలిపారు. మగవాళ్ళ సంతానలేమికి ఇంకో పేరుపొందిన మందు అయిదు గింజల గోలీ. ఆ అయిదింటిలో ఒకటి మన కంచెల మీద పసుప్పచ్చగా అల్లుకునే సీతమ్మ పోగునూలు జాతికి చెందిన తీగ గింజ. చాలా యోగాల్లో మన అతిమధురం కూడా ఉంటుంది. అంటే ఇవేవో అంతుచిక్కని వింతలు కావు. మన నాటువైద్యానికి అక్కచెల్లెళ్ళ లాంటివే.

పని చేస్తుందా?

అందరూ అడిగేది ఇదే. సూటిగా చెప్తాను: పని చేస్తుందని నమ్మకంగా చెప్పగల రుజువు లేదు.

పరిశోధనలు లేక కాదు. చైనా ఆసుపత్రుల నుంచి చాలానే వచ్చాయి. ఎక్కువ వాటిలో మందు వాడాక యాంటీబాడీలు తగ్గాయనే రాశారు. కానీ అవి చాలావరకూ కొద్దిమంది మీద చేసినవి. ఎవరికి అసలు మందు ఇస్తున్నారో, ఎవరికి ఇవ్వటం లేదో డాక్టరుకీ రోగికీ ముందే తెలిసిపోయినవి ఎక్కువ. యాంటీబాడీలు తగ్గితే బిడ్డ పుట్టినట్టు కాదు. మన చెల్లెలికి కావలసింది రిపోర్టులో 'నెగెటివ్' అనే మాట కాదు కదా!

ఇంకో చిక్కుంది. వీర్యకణం తయారవటానికి రెండున్నర నెలలు పడుతుంది. అందుకే ఈ మందులన్నీ మూడు నెలలు, ఆరు నెలలు వాడమంటారు. ఆ ఆరు నెలల్లో ఏ మందూ వాడకపోయినా కొందరు ఆడవాళ్ళకు నెల తప్పుతుంది. యాంటీబాడీలున్నంత మాత్రాన గర్భం అసాధ్యమేమీ కాదు. వీర్యకణాల లెక్క కూడా నెలనెలకీ మారుతుంటుంది. కాబట్టి మందు వాడని వాళ్ళతో పోల్చి చూడకుండా ఫలానా గోలీ వల్లే బిడ్డ పుట్టిందనటం కాకి వాలితే తాటికాయ పడిందనటమే.

అసలు ఆ యాంటీబాడీ పరీక్ష విలువ మీదే ఇప్పుడు డాక్టర్లకు సందేహాలున్నాయి. వీర్యకణాలకు అతుక్కున్న యాంటీబాడీలను చూస్తే కొంత అర్థముంది. నెత్తురు తీసి, అందులోనూ భార్య నెత్తురు తీసి, అందులో యాంటీబాడీలున్నాయని చెప్పటం వల్ల తేలేది చాలా తక్కువ. మొదటి విడత పరీక్షల్లోనే దీన్ని చేయించవద్దని 2020లో అమెరికా మూత్రవ్యాధుల, సంతానలేమి వైద్యుల సంఘాలు సలహా ఇచ్చాయి.

నేను చైనా వైద్యాన్ని తక్కువ చేసి మాట్లాడుతున్నానని అనుకోవద్దు. మా తరం కార్యకర్తలం చైనా పల్లెల్లోని 'చెప్పుల్లేని డాక్టర్ల' గురించి చదువుకుని ఉత్తేజం పొందినవాళ్ళమే. మలేరియాకి ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ఆర్టిమిసినిన్ చైనా మూలిక నుంచి వచ్చిందే. దాన్ని 1970ల మొదట్లో వెలికితీసిన తూ యూయూ అనే శాస్త్రవేత్త ఆడమనిషే. 2015లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె పాత గ్రంథాన్ని గౌరవించింది, కానీ గ్రంథంలో ఉంది కాబట్టి నిజమని ఊరుకోలేదు. జంతువుల మీద పరీక్షించింది, తన మీద తను ప్రయోగించుకుంది, ఆ తర్వాతే రోగులకిచ్చారు. మనం సంప్రదాయాన్ని గౌరవించటమంటే అదీ.

మూలికలు కదా, ఏం చేస్తాయిలే?

ఈ మాట మన ఊళ్ళల్లో రోజూ వింటుంటాం. మూడు సంగతులు చెప్తాను.

మొదటిది బెల్జియంలో జరిగింది. బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి చైనా మూలికల గోలీలు వాడిన ఆడవాళ్ళకు మూత్రపిండాలు పాడైపోయాయని 1993లో డాక్టర్లు బయటపెట్టారు. చివరికి అలాంటి వాళ్ళు వందమంది దాకా తేలారు. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో కాన్సరు వచ్చింది. ఒక మూలిక బదులు, పేరు దగ్గరగా ఉన్న ఇంకో మూలిక కలవటం దీనికి కారణం. ఆ రెండోది మనం పాముకాటుకి మంచిదని చెప్పుకునే ఈశ్వరి వేరు జాతి మొక్క.

రెండోది మన విషయానికి మరీ దగ్గర. చైనాలో 'ఉరుముల దేవుడి తీగ' అనే మొక్క ఉంది. రోగనిరోధక వ్యవస్థ ఉద్ధృతిని అణచటానికి, కీళ్ళవాతానికి వాడతారు. యాంటీబాడీలను తగ్గించటానికి ఇంతకన్నా మంచి మందేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ దాన్ని వాడిన మగవాళ్ళలో వీర్యకణాలే పడిపోతున్నాయని 1980లలో చైనా డాక్టర్లే గమనించారు. ఆడవాళ్ళలో నెలసరి ఆగిపోతుంది. పిల్లల కోసం మందు వెతుక్కునే దంపతులు తెలియక దాన్ని మింగితే ఏమవుతుందో ఊహించండి.

మూడోది కల్తీ. పైన మూలికలని రాసి, లోపల చెప్పాపెట్టకుండా స్టెరాయిడ్లు కలిపిన మందులు అనేక దేశాల్లో పట్టుబడ్డాయి. మన దగ్గర ఆయుర్వేదం పేరుతో అమ్మే వాటిలోనూ పట్టుబడ్డాయి. స్టెరాయిడ్లు యాంటీబాడీలను తగ్గించగలవు కాబట్టి రిపోర్టు బాగుపడుతుంది, సీసాకి పేరొస్తుంది. ఒళ్ళు మాత్రం గుల్లవుతుంది.

ఈ చివరి మాట అల్లోపతికీ వర్తిస్తుంది. ఇదే జబ్బుకి ఇంగ్లీషు డాక్టర్లు నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ ఇచ్చిన కాలముంది. కొన్ని పరిశోధనల్లో ఫలితం కనిపించింది, కొన్నింటిలో లేదు. తుంటి ఎముక చచ్చుబడిపోయిన మగవాళ్ళు కూడా ఉన్నారు. కాబట్టి ఒక వైద్యం మంచిది, ఇంకోటి చెడ్డదని నేననటం లేదు. ఏ వైద్యాన్నయినా అవే ప్రశ్నలు అడగమంటున్నాను.

భారం ఎవరి ఒంటి మీద?

ఇప్పుడు మన అసలు విషయానికొద్దాం. మన దగ్గర పున్నామ నరకం ఉన్నట్టే కన్ఫ్యూషియస్ సంప్రదాయంలోనూ వంశం నిలపకపోవటం తల్లిదండ్రుల పట్ల చేసిన పెద్ద అపరాధం. ఆ చైనాలోనే 1980 నుంచి 2015 దాకా ఒక్కబిడ్డ విధానం నడిచింది. ప్రభుత్వం రెండో బిడ్డ వద్దంటూ ఆడదాని కడుపు మీద నిఘా పెట్టింది. అత్తగారు మొదటి బిడ్డ ఏదని, అందులోనూ మగబిడ్డ ఏడని నిలదీసింది. ఇప్పుడు జనాభా తగ్గిపోతోందని 2021 నుంచి ముగ్గుర్ని కనమంటున్నారు. వద్దన్నా, కనమన్నా అడుగుతున్నది ఆమె ఒంటినే. ఈ కథ మనకు కొత్తదా?

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం ఒక్కటిగానో, తోడుగానో ఉంటుంది. గొడ్రాలు అనే తిట్టు మాత్రం ఊళ్ళో ప్రతి వీధిలోనూ వినిపిస్తుంది. దానికి సాటివచ్చే మగమాట మీలో ఎంతమంది రోజువారీ తిట్లలో విన్నారు?

యాంటీబాడీలు గట్టిగా ఉన్న మగవాళ్ళకు ఇవాళ ఆధునిక వైద్యం చూపించే దారి 1992లో బ్రస్సెల్స్‌లో మొదలైన ఇక్సీ పద్ధతి. ఒక్క వీర్యకణాన్ని తీసి సూదితో అండంలోకి ఎక్కిస్తారు. దీనికి మగవాడు ఇవ్వాల్సింది కాస్తంత వీర్యం. ఆడమనిషి రోజుల తరబడి హార్మోను ఇంజక్షన్లు పొడిపించుకోవాలి, మత్తుమందు తీసుకుని అండాలు తీయించుకోవాలి, పిండాన్ని లోపల పెట్టించుకోవాలి, నిలవకపోతే మళ్ళీ మొదలుపెట్టాలి. జబ్బు అతనిది, వైద్యం ఆమెకు. పైగా లక్షల అప్పు. కావాలని కోరుకుని చేయించుకునే ఆడవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ ఆమె నిజంగా కోరుకుందా, లేక మింగమని ఎదురుగా నిలబడ్డవాళ్ళకి భయపడిందా అన్నది మనం అడగాలి.

ఇది కొత్త ప్రశ్న కాదు. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగానికి పేద ఆడవాళ్ళని పోగుచేసినప్పుడు, అది ప్రయోగమని వాళ్ళకి చెప్పనే లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన, మరికొన్ని సంఘాలూ సుప్రీంకోర్టుకెళ్ళాయి. తెలిసి ఒప్పుకోవటం హక్కు అని మనం నేర్చుకున్నది ఆ పోరాటాల్లోనే. 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం కూడా రాతపూర్వకమైన అంగీకారం లేకుండా వైద్యం చేయకూడదంటోంది. అయితే ఆ చట్టం ఆసుపత్రి గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. వంటింట్లో అత్తగారు చేతిలో పెట్టే గోలీకి సంతకం ఎవరడుగుతారు?

మనం ఏం చెయ్యాలి?

మా సంఘంలో కూర్చుని కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. మీ ముందు పెడుతున్నాను, చర్చించండి.

ఒకటి. పిల్లల్లేరని మన దగ్గరికొచ్చే జంటలో మొదట భర్తకు వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి ఇచ్చే మామూలు పరీక్ష, తేడా కనిపిస్తే మళ్ళీ ఇంకోసారి. ఆ రిపోర్టు చేతికి రాకుండా ఆమెకు కోతపెట్టే పరీక్ష ఏదీ ఒప్పుకోవద్దని చెప్తాం.

రెండు. చైనాదైనా, నాటుదైనా, ఇంగ్లీషుదైనా, ఏ మందునైనా నాలుగు మాటలు అడగటం నేర్పుతాం. ఇందులో ఏమేం ఉన్నాయి? ఎవరి జబ్బుకి ఎవరు మింగాలి? ఎంతకాలం, ఎప్పుడు ఆపాలి? బిడ్డలు పుట్టారా, రిపోర్టు మారిందా, దేన్ని ఫలితమంటున్నారు? పేరు చదవలేని సీసా మూత తియ్యొద్దు.

మూడు. మూలికలు వాడుతున్న సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు. నెత్తురు పలచబరిచే మందులతో కొన్ని చైనా మూలికలు గొడవపెట్టుకుంటాయి. అతిమధురం మోతాదు మించితే రక్తపోటు పెరుగుతుంది. తిడతారని దాచటం, దాచారని తిట్టటం, రెండూ మానాలి. డాక్టర్లకీ ఇది చెప్పాలి.

నాలుగు. మగవాళ్ళతో మాట్లాడాలి. ఆ భర్త మా ఆఫీసుకి రావటానికి రెండు నెలలు పట్టింది. వచ్చి తలెత్తకుండా కూర్చున్నాడు. దెబ్బ తగిలిన సంగతి, ఆపరేషన్ సంగతి మొదటిసారి చెప్పింది ఆ రోజే. "మగతనానికీ దీనికీ సంబంధం లేదు తమ్ముడూ" అని మా డాక్టరమ్మ చెప్పాక ఏడ్చాడు. లోపం ఉందని ఒప్పుకుంటే నలుగురిలో ఏమవుతుందోనన్న భయంతో ఏడేళ్ళు భార్యను ముందుకి తోశాడు. అతనిమీద నాకు జాలి కలిగింది, కోపమూ పోలేదు. రెండూ ఉండొచ్చుననుకుంటాను.

ఐదు. పిల్లలు లేకుండా బతకటం కూడా ఒక బతుకేనని, దత్తత ఒక దారని, ఆ మాట అత్తగారిముందు గట్టిగా చెప్పగల బలం మన సంఘాలు ఇవ్వాలి. బిడ్డ కావాలనే హక్కు ఎంత నిజమో, ఇక చాలు అనే హక్కూ అంతే నిజం.

ఆ చెల్లెలికి నేనిచ్చిన జవాబు ఇది: "నువ్వు మింగాల్సిన పనిలేదు. ఆయన మింగాలనుకుంటే అందులో ఏముందో ముందు తెలుసుకుని, డాక్టరుకి చూపించి ఆయన నిర్ణయించుకుంటాడు." ఆమె తన సీసా మా బల్లమీదే వదిలేసి వెళ్ళింది. అది ఇప్పటికీ మా బీరువాలో ఉంది, మూత తియ్యకుండా. ఆమెకు ఇంకా పిల్లల్లేరు. కిందటి నెల మా సమావేశానికి వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఇంకో కోడలిని గర్భసంచి గోకించటానికి తీసుకుపోతుంటే అడ్డంపడి, "ముందుగాల నీ కొడుకుని చూపియ్యి" అని ఆ అత్తతో అన్నానని చెప్పింది.

ఆ మాట అనగలిగే ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉండాలి. అందుకు ఏం చెయ్యాలో ఇక మీరు మాట్లాడండి.